జబ్బ ఎముక విరిగాక చెయ్యి ఎప్పుడు కదపాలి? ఒక్కొక్కరు ఒక్కో మాట ఎందుకు చెబుతారు?

కిందపడి జబ్బ ఎముక విరగ్గొట్టుకున్న ముగ్గురు ఒకచోట కూర్చుంటే ఒకరి మాట ఇంకొకరికి పొసగదు. ఒకాయనను వారం తిరక్కుండానే ముందుకు వంగి చెయ్యి ఊపమన్నారు. రెండో ఆయనకు బ్రేస్ వేసి, మోచెయ్యి ఆడించండి గానీ చెయ్యి పక్కకు లేపొద్దన్నారు. మూడో ఆవిడకు ఆపరేషన్ చేసి, ఆరు వారాల దాకా సొంతంగా చెయ్యి ఎత్తనే కూడదన్నారు. ముగ్గురూ బయటికి చెప్పేది మాత్రం "చెయ్యి విరిగింది" అనే. ఇంటికొచ్చి ఫోన్‌లో వీడియోలు చూస్తే టెన్షన్ ఇంకాస్త పెరుగుతుంది. కదపకపోతే భుజం బిగుసుకుపోతుందని ఒకటి, కదిపితే ఎముక జరిగిపోతుందని ఇంకొకటి.

ఆ రెండు భయాలూ ఉత్తవి కావు. విరిగిన ఎముక అడిగేది ఒకటి, దాన్ని ఆనుకుని ఉన్న కీలు అడిగేది మరొకటి. ఫిజియో చేతికిచ్చే వ్యాయామాల కాగితం ఈ రెండింటి మధ్య కుదిర్చిన రాజీ. ఎముక ఎక్కడ విరిగింది, ముక్కలు ఎంత జరిగాయి, లోపల ప్లేటు వేశారా అన్నదాన్ని బట్టి ఆ రాజీ షరతులు మారిపోతాయి.

ఎముక ఒకటే, విరిగే చోట్లు మూడు

భుజం నుంచి మోచేతి దాకా ఉండేది ఒక్కటే ఎముక. పాఠ్యపుస్తకాల్లో భుజాస్థి, డాక్టర్ల నోట హ్యూమరస్, ఇళ్లలో జబ్బ ఎముక. పైకొన గుండ్రటి తలలా భుజం కీలులో కూర్చుంటుంది. ఎముకలు గుల్లబారిన పెద్ద వయసువాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, నడుస్తూ నడుస్తూ కాలు జారి చెయ్యి ఆన్చి పడితే తరచు విరిగేది ఈ తల కింద ఉన్న మెడ దగ్గరే. ఇక్కడి ఎముక లోపల స్పాంజిలా ఉంటుంది, రక్తం బాగా అందుతుంది, కాబట్టి చాలామందిలో అతుక్కోవడం పెద్ద సమస్య కాదు. అతుక్కున్నాక భుజం తెరుచుకోకపోవడమే సమస్య.

నడిమి కాడ సంగతి వేరు. అది గట్టి గొట్టం. అతుక్కోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది, ఒక్కోసారి మొండికేస్తుంది. పైగా మణికట్టును, వేళ్లను వెనక్కి ఎత్తే రేడియల్ నరం ఈ కాడనే చుట్టుకుంటూ కిందికి దిగుతుంది. ఇక కింది కొన మోచేతి కీలులో భాగం. అక్కడ విరిగితే అందరి భయమూ మోచెయ్యి పట్టేస్తుందనే.

రిపోర్టులో కనిపించే "డిస్‌ప్లేస్డ్" అనే మాటకు ముక్కలు చోటు తప్పాయని అర్థం. పైభాగం ఫ్రాక్చర్లకు అమెరికన్ సర్జన్ చార్లెస్ నీర్ 1970లో ఇచ్చిన కొలతే ఇప్పటికీ వాడుకలో ఉంది. ముక్క 1 సెంటీమీటరు కంటే ఎక్కువ జరిగినా, 45 డిగ్రీల కంటే ఎక్కువ వంగినా చోటు తప్పినట్టు లెక్క. అయితే ఒకే ఎక్స్‌రే చూసి ఇద్దరు సర్జన్లు వేర్వేరు లెక్క చెప్పడం వింతేమీ కాదు. రెండో అభిప్రాయం కోసం వెళ్లినవాళ్లు అయోమయంలో పడేది చాలావరకు ఇక్కడే.

ఎముక గడియారం, కీలు గడియారం

విరిగిన గంటల్లోనే ముక్కల మధ్య రక్తం చేరి గడ్డకడుతుంది. ఆ రక్తమే నాలుగైదు రోజులకు చర్మం కింద నుంచి మోచేతి దాకా, ఒక్కోసారి రొమ్ము పక్కదాకా నల్లగా, నీలంగా దిగుతుంది. దెబ్బ భుజానికి తగిలితే మోచెయ్యి ఎందుకు నల్లబడిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. రక్తం బరువుకొద్దీ కిందికి జారిందంతే. రెండు మూడు వారాలకు ముక్కల మధ్య మెత్తటి కాలస్, అంటే ముక్కలను కలిపే కొత్త ఎముక ముద్ద, పడుతుంది. సుమారు ఆరు వారాలకు అది గట్టిపడి ఎక్స్‌రేలో మబ్బులా కనిపించడం మొదలవుతుంది. బరువులు మోసే బలం రావడానికి చాలామందికి మూడు నెలలు పడుతుంది. అక్కడి నుంచి ఎముక తనను తాను చెక్కుకుని పాత ఆకారానికి రావడం నెలలు, ఏళ్లు సాగే పని.

కాలస్ పట్టు దొరికిందో లేదో చూడటానికి ఎక్స్‌రే కంటే ముందు డాక్టర్ చేసే చిన్న పరీక్ష ఒకటుంది. ఒక చేతి వేళ్లు భుజం మీద, ఎముక తల ఉండే చోట ఆన్చుతారు. రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని జబ్బను అతి మెల్లగా అటూ ఇటూ తిప్పుతారు. కింద తిప్పినప్పుడు పై తల కూడా వేళ్ల కింద కలిసి తిరిగితే ఎముక ఒక్క ముక్కలా కదులుతోందన్నమాట. ఫిజియో కాగితంలో తర్వాతి మెట్టుకు అనుమతి దొరికేది తరచు ఆ పది సెకన్లలోనే.

కీలు గడియారం ఇంకా తొందరగా తిరుగుతుంది. భుజం కీలును చుట్టి సంచిలాంటి పొర ఉంటుంది. చెయ్యి కిందికి వేలాడుతున్నప్పుడు ఆ పొర చంక వైపు మడతలు పడి వదులుగా ఉంటుంది, చెయ్యి ఎత్తితే మడతలు విచ్చుకుంటాయి. స్లింగ్‌లో చెయ్యి వారాల తరబడి ఒంటికి అంటుకుని ఉంటే, వాపూ నెత్తురూ చేరిన ఆ మడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్లింగ్ చేతిని పొట్ట మీదికి తిప్పి పెడుతుంది కాబట్టి ముంజేతిని బయటి వైపు తిప్పే కదలిక అన్నిటికంటే ముందు పోతుంది, తిరిగి రావడానికి బాగా సతాయిస్తుంది.

ఎముకకు పూర్తి విశ్రాంతి కావాలన్న మాటా సగమే నిజం. ముక్కల మధ్య అతి చిన్న కదలిక ఉంటేనే కాలస్ బాగా పెరుగుతుంది. కదలిక మితిమీరితే అసలు అతుక్కోదు. ప్లేటు బిగించి కదలికే లేకుండా చేస్తే కాలస్ పెద్దగా కనపడకుండానే ఎముక నేరుగా అతుక్కుంటుంది. బ్రేస్ వేసినవాళ్ల ఎక్స్‌రేలో ముద్దలా కాలస్ కనిపించి, ప్లేటు వేసినవాళ్లకు ఏమీ కనిపించకపోయినా రెండూ మంచి సూచనలే కావచ్చు.

చెయ్యిని లేపుతున్నది ఎవరు?

వ్యాయామాల పేర్లు పదులున్నా, వాటి వెనక ఉన్న ప్రశ్న ఒక్కటే: చేతి బరువు ఎవరు మోస్తున్నారు? భూమ్యాకర్షణో ఇంకొకరో కదిపితే పాసివ్. రెండో చెయ్యో కర్రో కప్పీ తాడో సాయం పడితే యాక్టివ్ అసిస్టెడ్. మన కండరమే మొత్తం లేపితే యాక్టివ్. బరువో రబ్బరు బ్యాండో అడ్డుపడితే రెసిస్టెడ్. కీలు కదలకుండా కండరాన్ని బిగించి వదలడం ఐసోమెట్రిక్.

ఇన్ని మెట్లు ఎందుకో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 60 కిలోల మనిషిని తీసుకుందాం. వేళ్లతో సహా ఒక చెయ్యి మొత్తం ఒంటి బరువులో సుమారు 5 శాతం, అంటే 3 కిలోలు. చెయ్యి తిన్నగా ముందుకు చాపితే ఆ బరువు కేంద్రం భుజం నుంచి దాదాపు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దాన్ని నిలబెట్టే కండరాలు పట్టు దొరికించుకునేది కీలుకు సుమారు 3 సెంటీమీటర్ల దూరంలోనే. పది రెట్లు తక్కువ దూరం నుంచి లాగాలి కాబట్టి పది రెట్లు ఎక్కువ బలం పెట్టాలి: 30 కిలోలు. ఖాళీ చెయ్యి ఎత్తితేనే ఇంత. అరచేతిలో ఒక కిలో సీసా పెట్టుకుంటే, అది భుజానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి ఇంకో 20 కిలోలు కలుస్తాయి.

ఇప్పుడు మోచెయ్యి మడిచి అదే చెయ్యి లేపితే బరువు కేంద్రం దగ్గరికి వస్తుంది, అవసరమైన బలం సుమారు 20 కిలోలకు దిగుతుంది. వెల్లకిలా పడుకుని చెయ్యి నిలువుగా పైకప్పు వైపు పెడితే బరువంతా సూటిగా భుజం మీదే ఆనుతుంది, నిలబెట్టడానికి దాదాపు ఏ బలమూ అక్కర్లేదు. సొంతంగా లేపే వ్యాయామాలు మంచం మీద వెల్లకిలా మొదలై, మోచెయ్యి మడిచి కూర్చుని, ఆ తర్వాతే నిలబడి చెయ్యి చాపి చేసేదాకా వెళ్లే క్రమం వెనక ఉన్నది ఈ లెక్కే. అంకెలు మనిషిని బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి గానీ క్రమం మారదు. "పడుకుని చేస్తే ఏం వ్యాయామం, సోమరితనం కాకపోతే" అని వెక్కిరించే చుట్టాలకు ఈ లెక్క చూపించొచ్చు.

ఊపడమా, ఊగనివ్వడమా

అందరికీ ముందుగా చెప్పే వ్యాయామం లోలకంలా చెయ్యి ఊపడం. భుజం మీద జీవితకాలం పనిచేసిన బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ పేరు మీద దీన్ని కాడ్‌మన్ వ్యాయామం అంటారు. బాగున్న చెయ్యి బల్ల మీద ఆన్చి, నడుం దగ్గర ముందుకు వంగి, దెబ్బ తగిలిన చేతిని తాడులా వేలాడదీస్తారు. వంగడంతోనే భుజం తెరుచుకుంటుంది. కండరం ఒక్కటీ పనిచేయకుండానే చెయ్యి ఒంటికి ఎడంగా వస్తుంది. ఆ తర్వాత తుంటిని ముందుకూ వెనక్కీ కదిలిస్తే చెయ్యి దానంతటదే ఊగుతుంది.

చాలామంది చేసేది ఇది కాదు. భుజం బిగబట్టి, చేతిని గట్టిగా గుండ్రంగా తిప్పుతారు. వలయం ఎంత పెద్దగా వస్తే అంత బాగా చేసినట్టనుకుంటారు. అలా తిప్పితే కండరాలు పనిచేస్తున్నట్టే. పాసివ్ అనుకున్న వ్యాయామం తెలియకుండానే యాక్టివ్ అయిపోతుంది. వేళ్లు వదులుగా వేలాడుతున్నాయా, తుంటి ఆగితే చెయ్యి కూడా మెల్లగా ఆగిపోతోందా అన్నవి చూస్తే తేడా పసిగట్టొచ్చు.

వేళ్లు, మణికట్టు విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు. పిడికిలి బిగించి వదలడం తొలిరోజు నుంచే మొదలవుతుంది. దాంతో వాపు తగ్గుతుంది, వేళ్లు కొయ్యబారవు.

ఒక వారమా, మూడు వారాలా?

పైభాగం విరిగి ముక్కలు పెద్దగా జరగనివాళ్లకు కదలిక ఎప్పుడు మొదలుపెట్టాలన్నది పాత గొడవ. 2003లో బ్రిటన్‌లో అచ్చయిన ఒక అధ్యయనం 86 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టు వారం లోపే ఫిజియోథెరపీ మొదలుపెట్టింది, రెండోది మూడు వారాలు కట్టు ఉంచి ఆ తర్వాత మొదలుపెట్టింది. 16 వారాల దగ్గర ముందు మొదలుపెట్టినవాళ్ల చెయ్యి మెరుగ్గా పనిచేసింది. 2007లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన 74 మంది అధ్యయనంలో 72 గంటల్లోనే కదిలించినవాళ్లకు మూడు నెలల దగ్గర మంచి ఫలితం కనిపించింది, అంత తొందరగా కదిపినా ఎముకకు చేటు జరగలేదు.

అయితే అందరూ మూడోరోజే మొదలుపెట్టేయాలా? ఈ అధ్యయనాల్లో ఉన్నవాళ్లు ఫ్రాక్చర్ నిలకడగా ఉందని ఎంచి తీసుకున్నవాళ్లు. ముక్కలు వదులుగా ఉన్నవాళ్లకు ఇదే మాట చెప్పలేం. పైగా ముందు మొదలుపెట్టడం వల్ల వచ్చే లాభం మొదటి నెలల్లో స్పష్టంగా ఉండి, రోజులు గడిచేకొద్దీ పలచబడుతుంది. నొప్పితో నిద్రలేని మనిషికి పదిరోజులు ఆగుదామని డాక్టర్ అంటే అది వెనకబాటు సలహా అనుకోనక్కర్లేదు. అలాగని నిలకడైన ఫ్రాక్చర్‌ను ఆరు వారాలు స్లింగ్‌లో కదలకుండా ఉంచేయడాన్ని సమర్థించే ఆధారాలు నాకైతే కనపడవు.

మధ్యలో ఒక ఎక్స్‌రే భయం కూడా చెప్పుకోవాలి. మొదటి కొన్ని వారాల్లో తీసిన ఫోటోలో కొందరికి ఎముక తల గూటి నుంచి కిందికి జారినట్టు కనిపిస్తుంది. దెబ్బకు సొమ్మసిల్లిన భుజం కండరం చేతి బరువును పట్టలేకపోవడం, కీలులో నెత్తురు చేరడం దీనికి కారణాలు. నిజంగా కీలు తప్పడం వేరు. ఇది చాలావరకు కండరం మేల్కొన్నాక దానంతటదే సర్దుకుంటుంది. ఈ దశలో భుజం కండరాన్ని మెల్లగా బిగించి వదిలే ఐసోమెట్రిక్‌లు పనికొస్తాయి.

కాడ విరిగితే బ్రేస్ ఎందుకు వేస్తారు?

నడిమి కాడ విరిగినప్పుడు జబ్బ చుట్టూ ప్లాస్టిక్ బ్రేస్ బిగించే పద్ధతిని ఆగస్టో సార్మియెంటో 1977లో ప్రచారంలోకి తెచ్చారు. బ్రేస్ నొక్కితే కండరాలు ఎముక చుట్టూ దిండులా ఒత్తుకుని ముక్కలను వరసలో ఉంచుతాయి. భుజం, మోచెయ్యి రెండూ బయటే ఉంటాయి కాబట్టి వాటిని ఆడించొచ్చు. 2000లో ఆయన బృందం 620 మంది ఫలితాలు ప్రకటించింది. చర్మం చీలని ఫ్రాక్చర్లలో అతుక్కోనివి 2 శాతం కంటే తక్కువ. తర్వాత వేరేచోట్ల పరిశీలిస్తే ఫలితాలు అంత బాగా రాలేదు. 2020లో ఫిన్లాండ్ వైద్యులు 82 మందిని ఆపరేషన్‌కూ బ్రేస్‌కూ చీటీలేసినట్టు పంచి చూశారు. ఏడాది చివర చేతి పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ బ్రేస్ జట్టులో దాదాపు 30 శాతం మందికి మధ్యలో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఒకే అధ్యయనాన్ని చూపించి ఒక డాక్టర్ "బ్రేస్ చాలు" అనీ, ఇంకొకరు "ముగ్గురిలో ఒకరికి ఎలాగూ ఆపరేషనే" అనీ చెప్పగలరు.

బ్రేస్‌తో ఉన్నప్పుడు చేతి బరువే ముక్కలను కిందికి లాగి వరస సరిచేస్తుంది. అందుకే మోచేతిని కుర్చీ చేతి మీద ఆన్చి కూర్చోవద్దని పదేపదే చెబుతారు. ఆన్చితే ఆ బరువు తిరగబడి ఎముకను పక్కకు వంచుతుంది. చెయ్యి సొంతంగా పక్కకు లేపొద్దనేదీ ఇందుకే. కాస్త వంకరగా అతుక్కున్నా కంగారు అవసరం లేదు. భుజం అన్ని వైపులా తిరిగే కీలు కాబట్టి 20, 30 డిగ్రీల వంపును కూడా తనలో కలిపేసుకుంటుంది.

రేడియల్ నరం దెబ్బతింటే మణికట్టు వాలిపోతుంది. కాడ ఫ్రాక్చర్లలో సుమారు పదిలో ఒకరికి ఇది జరుగుతుంది, ఎక్కువమందికి దానంతటదే కోలుకుంటుంది. నరం పోగులు తెగి మళ్లీ పెరగాల్సి వస్తే రోజుకు దాదాపు 1 మిల్లీమీటరు. దెబ్బ తగిలిన చోటు నుంచి మొదటి కండరం 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 100 రోజులు. ఆలోపు మణికట్టు లేవలేదంటే వ్యాయామం ఫలించలేదని అర్థం కాదు. నరం వచ్చేసరికి వేళ్లూ మణికట్టూ బిగుసుకుపోకుండా రెండో చేత్తో కదిలిస్తూ ఉండటమే అప్పటి పని.

ఆపరేషన్ అయితే త్వరగా తేలుతుందా?

ప్లేటు వేస్తే మర్నాటి నుంచే చెయ్యి ఆడించొచ్చన్న నమ్మకం ఒకటుంది. కొంతవరకు నిజమే. కానీ పైభాగంలో స్నాయువులు అంటుకునే గుబ్బ విరిగిందనుకోండి. దాన్ని తిరిగి కుట్టాక చెయ్యి పక్కకు లేపే, బయటికి తిప్పే కండరం బిగిసిన ప్రతిసారీ ఆ కుట్టునే లాగుతుంది. అందుకే స్టీలు లోపల ఉన్నా సుమారు ఆరు వారాలు యాక్టివ్‌కు తాళం వేస్తారు. మొదట్లో చెప్పిన మూడో ఆవిడ కథ ఇదే. రివర్స్ రకం (బంతి, గిన్నె చోట్లు తారుమారు చేసిన) కృత్రిమ భుజం పెట్టినవాళ్లకు భయం ఇంకొకటి: చెయ్యి వీపు వెనక్కి పెట్టడం, కుర్చీలోంచి ఆ చేత్తో నెట్టుకుని లేవడం. ఈ కదలికల్లో కొత్త కీలు తప్పే ప్రమాదం ఉంటుంది.

అసలు ఆపరేషన్ అవసరమా అన్నదానికి బ్రిటన్‌లో 250 మందితో నడిచిన ప్రోఫర్ ట్రయల్ 2015లో పెద్ద చర్చ లేపింది. పైభాగం విరిగి ముక్కలు జరిగినవాళ్లలో ఆపరేషన్ అయినవాళ్లకూ స్లింగ్‌తో సరిపెట్టుకున్నవాళ్లకూ రెండేళ్ల దాకా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కచ్చితంగా ఆపరేషన్ కావాలని సర్జన్లు భావించినవాళ్లను ఆ ట్రయల్‌లో చేర్చలేదన్న విమర్శ సబబైనదే. రెండు జట్లలోనూ తర్వాత ఫిజియోథెరపీ ఉందన్న సంగతిని మాత్రం ఈ వాదనలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మోచేతి దగ్గర బలవంతం పనికిరాదు

కింది కొన విరిగితే, ఎక్కువమందికి ఆపరేషన్ అయ్యాక, మోచెయ్యి రోజుల్లోనే కదిలించడం మొదలవుతుంది. కానీ తమ కండరంతో తామే మెల్లగా. వేరే మనిషి గట్టిగా పట్టి వంచడం, గట్టిగా మాలిష్ చేయడం ఇక్కడ చేటు చేయొచ్చు. దెబ్బతిన్న కండరంలో ఎముక ముద్ద పెరిగి మోచెయ్యి శాశ్వతంగా పట్టేసే ప్రమాదముంది. ఊరట ఏమిటంటే మోచెయ్యి నూటికి నూరు శాతం తిన్నగా రాకపోయినా రోజువారీ పనులు నడుస్తాయి. 1981లో మోరీ బృందం కొలిచి చూస్తే తినడం, తల దువ్వుకోవడం, ఫోన్ పట్టుకోవడం లాంటి చాలా పనులకు 30 నుంచి 130 డిగ్రీల మధ్య కదలిక సరిపోయింది.

ఏ నొప్పిని పట్టించుకోవాలి?

వ్యాయామం చేస్తుంటే లాగినట్టు అనిపించి, గంటా రెండు గంటల్లో సద్దుమణిగే నొప్పి మామూలే. రాత్రంతా సలుపుతూ మర్నాడు కదలిక తగ్గిపోతే మోతాదు ఎక్కువైందని గుర్తు. కొత్తగా వేళ్లు తిమ్మిరెక్కడం, మణికట్టు వాలడం, చెయ్యి చల్లబడి పాలిపోవడం, కుట్ల దగ్గర చీము, జ్వరం, ఎముక దగ్గర టక్కున చప్పుడై ఆకారం మారడం: ఇవి వ్యాయామం ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన సంగతులు.

పోయిన కదలిక ఒక్కసారిగా, ఒకే వేగంతో తిరిగి రాదు. పైభాగం విరిగినవాళ్లకు ముందుగా నోటి దాకా చెయ్యి వెళ్తుంది, ఆ తర్వాత నెత్తి మీదికి. గోడ మీద వేళ్లతో పాకించి ఎంతదాకా అందిందో పెన్సిల్‌తో గీత పెట్టుకునేవాళ్లకు మొదటి రెండు నెలల్లో గీతలు ఎడంగా పడతాయి, తర్వాత దగ్గర దగ్గరగా, ఒక్కో వారం ఒకదాని మీద ఒకటి. ఏడాది దాకా ఆ గీత పైకి జరుగుతూనే ఉండొచ్చు. వీపు వెనక్కి చెయ్యి పెట్టి నడుం పైదాకా అందుకోవడం అన్నిటికంటే ఆఖరున వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు.